పటం కథలో వినిపించే ఊపిరి

ఉద్యోగం నుంచి రిటైరయ్యాక నా రోజంతా గ్రంథాలయంలోనే గడుస్తుంది. గోడ పక్క బల్ల, ఎడమవైపు చివరి కుర్చీ నాది. పోటీ పరీక్షలకు చదివే పిల్లలు నా పాత పని సంగతి ఎలాగో తెలుసుకుని, "అంకుల్, వీడియోలు చేద్దామనుకుంటున్న, ఏ మైకు కొనాలె?" అని అడుగుతుంటారు. ఏం తీస్తావు, ఎక్కడ తీస్తావు అని ముందు నేనే వాళ్లను అడుగుతాను. మైకు ఖరీదు కన్నా అది నోటికి ఎంత దగ్గరగా ఉందన్నదే ముఖ్యమని చెబుతాను. గదిలో ఒక్కడే మాట్లాడితే కాలర్ మైకు చాలు. మనిషి కదలకపోతే పైనుంచి వేలాడదీసిన మైకు ఇంకా మంచిది. కెమెరాకు పుట్టుకతో ఉన్న చిన్న మైకును నమ్మొద్దని కూడా ఒకప్పుడు చెప్పేవాణ్ణి. ఇప్పుడు ఆ మాట చెప్పడం లేదు. ఎందుకు మానేశానో ఎవరూ అడగలేదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

నేను చదివింది పదో తరగతి. హుజూరాబాద్‌లో ఒక మైకుసెట్ దుకాణంలో పనికి చేరాను. పెళ్లిళ్లకూ జాతరలకూ పెద్ద హార్న్‌లు ఎడమ భుజం మీద మోసుకెళ్లి, వెదురు బొంగులకు కట్టి, వాటి పక్కనే కూర్చునేవాణ్ణి. తర్వాత కరీంనగర్‌లో పల్లె కళలను వీడియోగా భద్రపరిచే ఒక చిన్న విభాగంలో సౌండ్ పని దొరికింది. పని దొరికింది కానీ విద్య ఎక్కడిది? గ్రంథాలయంలో మూల బీరువాలో శబ్దగ్రహణం మీద ఒక లావాటి ఇంగ్లిషు పుస్తకం ఉండేది. పక్కన నిఘంటువు పెట్టుకుని పేజీకి ఒక సాయంత్రం చొప్పున చదివాను. ఏ మైకు ఎటువైపు వింటుందో, ఎటువైపు చెవిటిదో బొమ్మలు నోట్‌బుక్‌లో గీసుకున్నాను. కొన్నాళ్లకు పట్టాలున్నవాళ్లు కూడా నన్ను సలహా అడిగేవారు. ఆ గర్వం నాకు బాగా ఉండేది, దాచడమెందుకు.

ఆ పుస్తకంలో ఒకచోట, పని మధ్యలో అప్పుడప్పుడు హెడ్‌ఫోన్‌ను తిప్పి పెట్టుకోవాలని ఉంది. ఎడమది కుడికి, కుడిది ఎడమకు. అలా చేస్తే లోపం పరికరంలో ఉందా, వినేవాడి చెవిలో ఉందా తెలిసిపోతుందట. అన్నీ రాసుకున్న నా నోట్‌బుక్‌లో ఆ ఒక్క వాక్యం లేదు. చాలా ఏళ్ల తర్వాత, యాభై దాటాక, ఒకరోజు ఆఫీసులో తిప్పి పెట్టుకుని చూశాను. అంతదాకా కుడి చెవిలో బాగా వినిపించిన గొంతు, ఎడమ చెవిలో గట్టు అవతల ఎవరో మాట్లాడుతున్నట్టు వినిపించింది. వెంటనే మళ్లీ మామూలుగా పెట్టుకున్నాను. ఆ తర్వాత ఇంకెప్పుడూ తిప్పి చూడలేదు.

సౌండ్ మనిషికి చెవి పోయిందంటే ఉంచుకుంటారా? ఎవరికీ చెప్పలేదు. ఎడమవైపు నుంచి ఎవరైనా పలకరిస్తే పనిలో మునిగి ఉన్నట్టు నటించేవాణ్ణి. గర్వమని కొందరు అనుకున్నారు. చెవిటివాడనిపించుకోవడం కన్నా అదే నయమనిపించింది. హెడ్‌ఫోన్ పెట్టుకున్నవాడితో ఎటూ ఎవరూ మాట్లాడరు. అందరి మాటలూ నాకు వినిపించేవి, నాతో ఎవరికీ మాట ఉండేది కాదు. మెల్లగా అదే అలవాటైంది.

నాతో ఇరవై ఏళ్లు పనిచేసిన కెమెరామన్ ఒకడున్నాడు. ఆదిలాబాద్ మనిషి. చిన్నతనంలో జిన్నింగ్ మిల్లులో పత్తి బేళ్ల మధ్య పనిచేశాడు. ఆ నూగు ఛాతీలో మిగిలిపోయిందేమో, ఊపిరి తీస్తే పిల్లికూతలా సన్నటి చప్పుడు వచ్చేది. అది నా మైకుల్లో పడేది. నేను అతనితో ఎక్కువసార్లు అన్న మాట ఏదని లెక్కపెడితే, "తమ్మీ, జర దూరం జరుగు" అన్నదే తేలుతుంది.

"ఏంది అన్నా, ఊపిరి గూడ తీయద్దా?"

"తియ్యి. గా చెట్టు కాడికి పోయి తియ్యి."

"అరె బాబా, మనిషిని గాదు, మైకును పెండ్లాడినవ్ నువ్వు," అని నవ్వి, నవ్వుకు దగ్గొచ్చి, దగ్గుతూనే దూరం వెళ్లేవాడు. అతనికి ఒక చాదస్తం ఉండేది. నా రికార్డర్ నడుస్తున్నా సరే, కెమెరా మైకును కూడా ఆన్ చేసేవాడు. దాన్ని కెమెరా నెత్తి మీది కాకి అని వెక్కిరించేవాణ్ణి. "ఉండనియ్యే అన్నా, కాకి గూడ ఎప్పుడన్న పనికస్తది," అనేవాడు.

ఇక అసలు సంగతి. గోదావరి అవతల, రాయపట్నం వంతెన దాటి లక్షెట్టిపేట వైపు వెళ్తే వచ్చే ఒక ఊళ్లో పటం కథ చెప్పే పెద్దాయన ఉండేవాడు. నిలువుగా చుట్టిన పొడవాటి బొమ్మల గుడ్డను ఒక్కో అర, అంటే ఒక్కో వరస బొమ్మలు, విప్పుతూ, కర్రతో చూపిస్తూ, ఒక కులం పుట్టుపూర్వాలను రోజంతా పాడి చెప్పే కథ అది. వాళ్ల తాతలనాటి ఆ పటం రంగులు రాలి, గుడ్డ చీకిపోయింది. అలా ముసలిదైన పటాన్ని మనిషికి చేసినట్టే కర్మ చేసి నదిలో వదలడం వాళ్ల ఆచారం. మరునాడు పొద్దునే దాన్ని గోదావరికి తీసుకెళ్తారని తెలిసి, చివరిసారి చెప్పే కథను చిత్రించడానికి మమ్మల్ని పంపారు.

మేము దిగగానే పెద్దాయన నన్ను పక్కకు పిలిచాడు. "ఇగో సారూ. పటం రేపు గంగల కలుస్తది. కొత్తది గీయించెటోళ్లు లేరు. నా కొడుకులిద్దరు దుబాయిల ఉన్నరు, వాళ్లకు కథ రాదు. పటం లేంది కథ చెప్పద్దని మా తాతల కట్టు. ఇగ ఇయ్యాల్టితోని నా నోరు గూడ బందే. పటం నీళ్లల్ల పోతది, మాట నీ డబ్బల ఉండాలె."

"ఉంటది పెద్దయ్యా. నా పూచీ," అన్నాను.

ఏ మైకు వాడాలన్నది అక్కడ నిజంగా చిక్కే. ఆయన ఒకసారి జనం వైపు, ఒకసారి పటం వైపు తిరుగుతాడు. ఎదురుగా స్టాండ్ మైకు పెడితే సగం కథ వీపు వెనక్కి పోతుంది. కాలర్ మైకైతే ఆయన ఎటు తిరిగినా వెంటే ఉంటుంది. పుస్తకం ప్రకారం అదే సరైనది. పక్కన ఆయన తమ్ముడు వాయించే మద్దెలకు స్టాండ్ మీద ఇంకో మైకు. పెద్దాయన గొంతు రికార్డర్‌లో ఎడమవైపు, మద్దెల కుడివైపు. రెండూ విడివిడిగా ఉంటే తర్వాత కలుపుకోవడం సులువు.

కెమెరామన్ తల అడ్డంగా ఊపాడు. "అన్నా, కాలర్ మైకు వద్దే. కథల పెండ్లి అర అచ్చినప్పుడు కులపోళ్లు లేసి ఆయన భుజాల మీద తువ్వాలలు కప్తరు. ఒక్కటి గాదు, ఇంటికొకటి. మైకు మునుగుతది."

"మరేం చేద్దామంటవ్?"

"బొంగుకు కట్టి నెత్తి మీదికెళ్లి దించుదాం. మైకు కనపడకుంట నేను బొమ్మ పైన కోసి తీస్త. ఫికర్ చెయ్యకు."

"నువ్వు కెమెరా చూసుకో తమ్మీ. మైకు సంగతి నేను సదివిన."

అతను కెమెరా దగ్గరికి వెళ్లిపోయాడు. నేను పెద్దాయన అంగీ లోపల మైకు గుచ్చి, తీగ కదలకుండా చిన్న ముడి వేసి, నా రికార్డర్ పట్టుకుని కెమెరాకు కొంచెం దూరంగా కూర్చున్నాను. కథ మొదలవడానికి ముందు ఒక ముసలామె చెంబుతో సల్ల తెచ్చి ఇచ్చింది. మండే ఎండలో ఆ మజ్జిగ ఎంత హాయిగా ఉందో ఇప్పటికీ గుర్తుంది. ఆమె నా వెనక నుంచి చుట్టూ తిరిగి కుడివైపుకొచ్చి ఇచ్చింది. అప్పుడు దాని గురించి ఆలోచించలేదు.

కథ ఎత్తుకున్నాడు. ఆ గొంతు గురించి ఏం చెప్పను! పలచటి ముసలి గొంతే, కానీ ఒక్కో అర విప్పుతుంటే వయసు దిగిపోతున్నట్టుండేది. నా హెడ్‌ఫోన్‌లో గొంతు బాగా వినిపిస్తోంది. రికార్డర్ మీద రెండు వైపులా శబ్దం కొలిచే దీపాల గీతలు లేచి పడుతున్నాయి. మధ్యాహ్నం పెండ్లి అర వచ్చింది. కెమెరామన్ చెప్పినట్టే ఒక్కొక్కరూ లేచి పెద్దాయన భుజాల మీద కొత్త తువ్వాలలు కప్పసాగారు. కెమెరామన్ నా వైపు చూశాడు. హెడ్‌ఫోన్‌లో మాట బాగానే ఉంది. ఎడమవైపు దీపాలు ముందుకన్నా జోరుగా వెలుగుతున్నాయి. పర్వాలేదని చెయ్యి ఊపాను. అతని మాట తప్పని తేలినందుకు కొంచెం సంతోషించాను కూడా.

విరామంలో ఆ భాగాన్ని వెనక్కి తిప్పి విన్నాను. అప్పుడూ బాగానే ఉంది. తువ్వాలలు తీసేయాలని ఎవరికీ తోచలేదు, అది మర్యాద కూడా కాదు. పొద్దు వాలే ముందు కథ ముగిసింది. పెద్దాయన పటాన్ని చుట్టి, ఒళ్లో పెట్టుకుని కూర్చున్నాడు. మరునాడు పొద్దున గోదావరి ఒడ్డున దానికి పసుపు రాసి, పూలు పెట్టి, నీళ్లలోకి వదిలారు. కాసేపు తేలి, తడిసి, మునిగిపోయింది.

మూడో రోజు ఆఫీసులో ఎడిటింగ్ చేసే అమ్మాయి నన్ను పిలిచింది. "సార్, ఇది ఒక్కసారి ఇనుండ్రి." స్పీకర్లలో ఎడమవైపుది మాత్రమే పెట్టింది. స్పీకర్ కాబట్టి ఈసారి అది నా ఎడమ చెవికే కాదు, గదంతటికీ, నా కుడి చెవికీ వినిపించింది. జొన్న చొప్ప విరుగుతున్నట్టు ఒకటే బరబర. బట్టలు మైకును రాస్తున్న చప్పుడు. దాని కింద ఎక్కడో గోడ అవతల మాదిరి ఒక మనిషి గొంతు.

"ఎక్కడి నుంచి గిట్లున్నది?"

"పెండ్లి కాడి నుంచి చివరిదాంక సార్. సగం కథ."

నాకు ఏం జరిగిందో అక్కడే అర్థమైంది. నేను ఆ రోజంతా విన్నది మద్దెల మైకులో అడ్డంగా పడిన పెద్దాయన గొంతు. అది నా కుడి చెవికి వచ్చింది. ఎడమ చెవి ఏం వినాలో అది వినలేదు, వినలేదని కూడా నాకు తెలియలేదు. దీపాలు వెలిగాయంటే శబ్దం ఉందనే అర్థం, మాట ఉందని కాదు. మద్దెల మైకులోని గొంతును వాడుకుందామంటే, పాటలన్నీ దరువు కింద కొట్టుకుపోయాయి. తిప్పి పెట్టుకుని ఒక్కసారి విని ఉంటే పావు నిమిషంలో తేలేది. తువ్వాలల మాట నాతో చెప్పినవాడు కూడా ఉన్నాడు. పటమేమో నది అడుగున ఉంది. పటం లేకుండా ఆయన నోరు విప్పడు.

పై అధికారి పిలిచి అడిగితే, "జనం తువ్వాలలు కప్పిన్రు సార్," అన్నాను. అబద్ధం కాదు. పక్కనే నిలబడ్డ కెమెరామన్ కూడా, "అవు సార్, గది వాళ్ల రివాజు. ఎవలేం జేస్తరు," అన్నాడు. తాను ముందే హెచ్చరించిన సంగతి చెప్పలేదు. బయటికొచ్చాక చాయ్ దుకాణంలో ఎప్పటిలాగే నాకు కుడిపక్కన కూర్చున్నాడు. గ్లాసు ఖాళీ అయ్యేదాకా ఆగి, "అన్నా, నాకేమన్న చెప్పాల్నా?" అని అడిగాడు.

"ఏం లేదు."

"సరే తియ్," అని డబ్బులిచ్చి లేచాడు.

సినిమాను కాపాడింది కాకి. కెమెరా మైకులో గొంతు కొంచెం దూరంగా, డబ్బాలో నుంచి వచ్చినట్టున్నా, మాట మాటా తెలుస్తోంది. మద్దెలా మాటా జనం ఉన్న చోటి నుంచి విన్నట్టే కలిసి వచ్చాయి. ఎడిటింగ్ అమ్మాయి మిగతా సగమంతా దానితోనే నడిపింది. ఒక్కటే లోపం. పెద్దాయన ఆగిన ప్రతిచోటా సన్నగా కెమెరామన్ ఊపిరి వినిపిస్తుంది. తీసేద్దామంటే గొంతు కూడా చెడుతోందని వదిలేసింది.

ఆ సినిమాను ఆ ఊరి పంచాయతీ గదిలో చూపించినప్పుడు నేను అందరికన్నా వెనక కూర్చున్నాను. పూచీ పడ్డది నేను కదా. పెద్దాయన టీవీకి దగ్గరగా కూర్చుని, కళ్లు మూసుకుని చివరిదాకా విన్నాడు. తర్వాత నా వైపు తిరిగి, "మొత్తం ఉన్నది సారూ. నేను ఆగిన కాడల్లా ఎవలో ఊపిరి తీస్తున్నరు. గది పటమే. నా ఎన్క నిలబడి ఊపిరి తీసింది," అన్నాడు. గోడకు ఆనుకుని నిలబడ్డ కెమెరామన్ నవ్వబోయి, దగ్గొచ్చి, బయటికెళ్లిపోయాడు. మేమిద్దరం ఆయన మాటను సరిదిద్దలేదు. దుబాయిలో ఉన్న పెద్ద కొడుకు ఆ కథను ఫోన్లో మొదటిసారి చివరిదాకా విన్నాడని తర్వాత తెలిసింది.

నా రిటైర్మెంటుకు ముందటి చలికాలంలో కెమెరామన్ చనిపోయాడు. ఛాతీ జబ్బే. దినాలయ్యాక వాళ్లింటికి వెళ్తే, అతని భార్య ఒక్కటే అడిగింది. "అన్నా, ఫోటోలు బగ్గనే ఉన్నయి. ఆయన మాట ఏదన్న ఉంటె ఇయ్యుండ్రి. ఇన్నేండ్లు ఊరందరి మాటలు పట్టిన్రు గదా."

ఇంటికొచ్చి నా దగ్గరున్నవన్నీ వెతికాను. ఇరవై ఏళ్ల రికార్డింగులు. ఎక్కడా అతను లేడు. అంత శుభ్రంగా పనిచేశాను నేను. అప్పటికి ఆ ఆఫీసులో నాతో మాట్లాడేవాళ్లు కూడా పెద్దగా లేరు. నాలుగు రోజులు ఎవరికీ చెప్పకుండా తిరిగి, చివరికి ఎడిటింగ్ అమ్మాయినే అడిగాను. ఆమె బీరువా తెరిచి ఒక మెమరీ కార్డు ఇచ్చింది. పటం కథ రోజు కెమెరాలో పడిన, సినిమాలో వాడని ముక్కలు.

"దీంట్ల ఉన్నడు సార్. మీకే ఇద్దామని దాచిన. మీరు ఒక్కరే ఇనుండ్రి," అంది. బీరువా మూస్తూ, నా ముఖం చూడకుండా, "నేను అప్పుడే ఇన్న సార్," అంది.

ఇంట్లో తలుపేసుకుని, హెడ్‌ఫోన్‌ను కుడి చెవికి ఆనించుకుని విన్నాను. తెర మీద విప్పని పటం, ఇంకా కథ మొదలవలేదు. కెమెరా దగ్గర అతని ఊపిరి. ఒక ముసలామె గొంతు, ఆ సల్ల చెంబు ఆమెదే అయి ఉండాలి.

"ఏంది బిడ్డా, గా సారు గర్వమోని లెక్కున్నడు. రెండు సార్లు పిల్సిన, పల్కడు."

"గర్వం గాదవ్వా. అన్నకు గా దిక్కు చెవు ఇనరాదు. నువ్వు కుడి దిక్కుకెళ్లి పోయి ఇయ్యి. నేను చెప్పిన్నని అనకు, బాధ పడ్తడు."

"అయ్యో, గట్లనా."

అడుగుల చప్పుడు దూరమైంది. జీపులో, హోటల్లో, ఆఫీసు మెట్ల మీద అతను ఎప్పుడూ నా కుడిపక్కనే ఎందుకుండేవాడో, ఆ కాకిని ఎందుకు ఆపేవాడు కాదో అప్పుడు తెలిసింది. ఎన్నేళ్లుగా తెలుసో అడగడానికి మనిషి లేడు. రికార్డింగ్ ఇంకా నడుస్తోంది. కాస్త దూరం నుంచి నా గొంతు వచ్చింది, విసుగ్గా.

"తమ్మీ, జర దూరం జరుగు. నీ ఊపిరి నా మైకుల పడ్తున్నది."

"సరే అన్నా."

మూడడుగులు. ఆ తర్వాత కథ మొదలయ్యేదాకా అక్కడ ఊపిరి లేదు.

నా గొంతున్న చోటు నుంచి కోసేయడం నాకు చిటికెలో పని. కోయడానికి కంప్యూటర్ ముందు కూర్చున్నాను కూడా. కోస్తే అతని చివరి రెండు మాటలూ పోతాయి. ఆ మాటలు ఆమెవి, నావి కావు. అలాగే ఉంచి, ఫోన్‌లోకి ఎక్కించుకుని వాళ్లింటికి వెళ్లాను.

ఆమె నా ఎడమవైపు కూర్చుని ఉంది. ఏదో అంటోంది, సగం అందడం లేదు, అలవాటుగా తలూపుతున్నాను. ఫోన్ చేతికిచ్చాను. ఒకసారి విన్నది. మళ్లీ మొదటికి తెచ్చి ఊపిరి ఉన్న చోటే చెవికి ఆనించుకుని విన్నది. నా మాట దగ్గర నేను తల వంచుకున్నాను. ఆమె కొంగుతో ముఖం తుడుచుకుని ఫోన్ బల్ల మీద పెట్టింది.

తర్వాత లేచి, కుర్చీ ఎత్తి, నా వెనక నుంచి తిరిగి వచ్చి కుడివైపు వేసుకుని కూర్చుంది.

"చాయ్ తాగుతరా అన్నా?" అని అడిగింది.